సొగసైనది, మాడిన చేప

ఆ శుక్రవారానికి బాంగ్ సురాన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి మీటింగ్ హాల్లో పదిమందిని కూర్చోబెట్టాలి. కొత్త కార్డుల ఆట ఆడించాలి. ఆడినవాళ్ళ అభిప్రాయాలు చీటీల మీద రాయించుకుని ఎండీ గారి బల్ల మీద పెట్టాలి. అభిప్రాయాలు బాగుంటే ఆట అచ్చుకు వెళుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. ఇందులో తికమక పడటానికి ఏముంది అనుకుంటూ ఆమె సముద్రపు నాచులో అన్నం పెట్టి ఇంట్లో చుట్టిన కింబాప్ రెండు ముక్కలు నోట్లో వేసుకుని దెగూ మెట్రో ఎక్కింది.

ఆ ఆట తయారుచేసింది సురానే. కానీ ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. బొమ్మలు, రంగు పెన్సిళ్ళు, ఇంటిల్లిపాదీ ఆడుకునే కార్డుల ఆటలు అమ్మే ఆ చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం పెట్టెల మీద అచ్చుతప్పులు దిద్దడం. ప్రతి పెట్టె వెనకా కింది మూలన ‘ఆట రూపకల్పన’ అని ఒక వరస ఉంటుంది. అక్కడ పడే పేర్లన్నీ ఏళ్ళ తరబడి ఆమే సరిచూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ వరసలో తన పేరు చూసుకోవాలని ఆమె కోరిక. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ పేరు ఏ అక్షరాల్లో బాగుంటుందో కూడా ఇంట్లో రాసి చూసుకుంది.

పేరు దాచాలన్న ఆలోచన ఆమెదే. తానే చేశానని చెబితే, రోజూ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు మొహమాటానికి ఆహా ఓహో అంటారు. పేరు తెలియకపోతే నిజం చెబుతారు. ఇంట్లో మొగుడూ కూతురూ పడీ పడీ నవ్వారు గానీ, ఇంట్లోవాళ్ళ నవ్వు అభిప్రాయం కింద లెక్కకు రాదు కదా. అందుకే మేనేజర్ ప్యో దొక్సు గారు అడిగినప్పుడు ఆమె ముందే అనుకున్న మాట చెప్పింది.

“మన కంపెనీలోనే ఒకరు చేశారు సార్. పేరు బయటపెట్టొద్దన్నారు.”

“ఎందుకట?”

“ఉన్నదున్నట్టు చెప్పాలని.”

“ఉన్నదున్నట్టా? మన ఆఫీసులోనా?” అని ప్యో గారు నవ్వి, సన్నటి కాఫీ పొడి పొట్లం చింపి, ఖాళీ అయిన ఆ పొట్లంతోనే చెంచాలా కాఫీ కలుపుకుంటూ హాల్లోకి నడిచారు.

ఆట నియమాలు చంటిపిల్లకైనా అర్థమవుతాయి. ప్రతి విడతలో ఒకరు తీర్పరి. తీర్పరి ఒక వర్ణన కార్డు తెరుస్తాడు, ‘భయంకరమైనది’ అనో, ‘తియ్యనిది’ అనో. మిగతావాళ్ళు తమ చేతిలోని కార్డుల్లో దానికి అతికేది ఒకటి ఎంచి బోర్లా పెడతారు. ఎవరిది ఏదో తెలియకుండా కలిపేస్తారు. తీర్పరికి ఏ జత నచ్చితే ఆ కార్డు పెట్టినవాళ్ళు ఆ విడత గెలిచినట్టు.

మొదటి గంట సురాన్ జీవితంలోకెల్లా మంచి గంట. లెక్కల విభాగంలో పనిచేసే తక్ యెజిన్ తీర్పరిగా ‘ఓదార్పునిచ్చేది’ అన్న కార్డు తెరిచింది. వచ్చిన కార్డుల్లోంచి ‘పక్కింటివాళ్ళ గొడవ’ను గెలిపించింది. హాలంతా ఘొల్లుమంది. ‘జీతం వచ్చిన రోజు’ అన్న కార్డు పెట్టి ఓడిపోయిన ప్యో గారికి రోషం వచ్చింది.

“ఏమ్మా, జీతం ఓదార్పు కాదా?”

“మీకొచ్చే జీతమైతే ఓదార్పే సార్. నాకొచ్చేది చూస్తే మనోవ్యాధి.”

గిడ్డంగి చూసుకునే పెద్దాయన నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోయాడు. సురాన్ మూలన నిలబడి, చప్పుడు కాకుండా, తన పెళ్ళినాటి కంటే ఎక్కువ సంతోషపడింది. తర్వాత వచ్చిన చీటీలు కూడా ఆమె కోరుకున్నట్టే ఉన్నాయి. ‘నవ్వు వచ్చింది. కార్డులు మరీ ఉల్లిపొరల్లా ఉన్నాయి.’ ‘ఫరవాలేదు. మా అత్తగారితో మాత్రం ఆడను.’ ‘చివర్లో కొంచెం సాగింది.’ ఇలాంటి అభిప్రాయాలు బంగారం. వీటితో ఆటను బాగుచేయవచ్చు, అచ్చుకూ పంపవచ్చు.

అంతా సర్దుకుంటుండగా యెజిన్ పక్కకు చేరింది.

“అక్కా, నాకొక్కదానికే చెప్పు. ఎవరు చేశారు?”

“చెప్పకూడదే.”

“నేను ఎవరికైనా చెప్తానా?”

యెజిన్‌కి చెప్పడమంటే ఊరికి మైకు కట్టడమే. అయినా అబద్ధమాడటం సురాన్‌కి చేతకాదు. ముఖం వేడెక్కింది. ఎటు చూడాలో తోచక తలెత్తి పైకప్పు వంక చూసింది. అక్కడ ట్యూబ్‌లైటు తప్ప ఏమీ లేదు. యెజిన్ కూడా పైకి చూసింది. ఆమెకు మాత్రం ట్యూబ్‌లైటు కాదు, దాని పైనున్న అంతస్తు కనిపించింది. ఆ అంతస్తులో ఉన్నది ఎండీ గారి గది ఒక్కటే.

ఆ ఆఫీసులో నోటితో చెప్పేది పావు వంతు. మిగతా ముప్పావూ కంటితో, దగ్గుతో, కప్పు కింద పెట్టే చప్పుడుతో చెప్పుకుంటారు. పై అధికారి కుర్చీ కాస్త వెనక్కి జరిపితే మీటింగ్ అయిపోయిందని తెలుసుకోవాలి. తెలుసుకోలేనివాడు అక్కడ ఎక్కువ రోజులు నిలవడు. యెజిన్ చాలా తెలివైన అమ్మాయి. ఏళ్ళుగా నిలదొక్కుకున్న అమ్మాయి. “అర్థమైంది అక్కా. నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు” అని కళ్ళు పెద్దవి చేసి మాయమైంది.

కాసేపటికి ప్యో గారు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చారు.

“సురాన్, నా చీటీ ఓసారి ఇటివ్వు. చిన్న పొరపాటు రాశాను.”

“పేరు రాయలేదు కదా సార్, మీది ఏదో నాకెలా తెలుస్తుంది?”

“ఉల్లిపొర అని ఉంటుంది చూడు, అదే.”

ఆయన వెనకే గిడ్డంగి పెద్దాయన, ఆ వెనక అమ్మకాలవాళ్ళు. అందరికీ చిన్న పొరపాట్లే. చీటీలు తీసుకెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి, ఒకరు రాసేది ఒకరికి కనబడకుండా తిరగరాసి ఇచ్చారు. సురాన్ వాటిని చదివి అయోమయంలో పడింది. ‘ఈ ఆట ఆడాక మా ఆవిడను కొత్తగా అర్థం చేసుకున్నాను.’ ‘అత్తగారితో కలిసి ఆడాలని తహతహగా ఉంది.’ అన్నిటికంటే ప్యో గారిది: ‘కార్డులు పల్చగా ఉండటంలోనే రూపకర్త లోచూపు ఉంది. జీవితం కూడా అంతే పల్చనిది.’

“సార్, ఇందాక మీరు ఇలా అనలేదు కదా?”

“ఇందాక నేను ఎదగలేదమ్మా” అన్నారు ప్యో గారు.

సురాన్‌కి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. పొగడ్త ఎవరికి చేదు? కానీ ఈ పొగడ్త తన ఆటకు కొలిచి కుట్టినట్టు లేదు, ఎవరిదో పెద్ద చొక్కా తెచ్చి తొడిగినట్టుంది. ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే ఎండీ మాంగ్ జుచొల్ గారు మెట్లు దిగి వచ్చారు. కింద నవ్వులు వినపడి తనకూ ఆడాలనిపించిందట. నిజానికి ఆయన మెత్తని మనిషి. “ఇక్కడ ఎండీ లేడు, మేనేజర్ లేడు. అందరం ఆటగాళ్ళమే” అన్నారు. ఆ మాట వినగానే అందరూ దిక్కులు చూశారు. ఎండీ ఎక్కడున్నాడో తెలిస్తే తప్పుకోవచ్చు. ఎక్కడా లేడంటే ఎటు తప్పుకునేది?

ధైర్యం చేసి ఎండీ గారితో బల్ల చుట్టూ కూర్చున్నది నలుగురే. యెజిన్ తీర్పరి. ‘సొగసైనది’ అన్న కార్డు తెరిచింది. నాలుగు కార్డులు బోర్లా వచ్చాయి, కలిపారు, తిప్పారు. ‘వెన్నెల’. ‘అమ్మమ్మ నవ్వు’. ‘తెగిన చెప్పు’. ‘మాడిన చేప’. వీటిలో ఎండీ గారిది ఏదో కనిపెట్టి గెలిపించాలి, అదీ యెజిన్ ముందున్న పరీక్ష. ఆమె అందరి ముఖాలూ చూసింది. వెన్నెల అని ఎవరైనా పెడతారు. ఆటను తయారుచేసిన మనిషి అంత పైపైన పెడతారా? లోతుగా ఏదో ఉండాలి. అర్థం కానిదే ఆయనది అయి ఉంటుంది.

“మాడిన చేప!” అంది యెజిన్, గుండె మీద చెయ్యి వేసుకుని. “చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. ఎంత సొగసు!”

“ఎవరిదది?” అడిగారు ఎండీ గారు.

ప్యో గారు బడిపిల్లాడిలా మెల్లగా చెయ్యెత్తారు. ఎండీ గారిని పొరపాటున కూడా ఓడించకూడదని, తన చేతిలో ఉన్నవాటిలోకెల్లా దరిద్రమైన కార్డు ఏరి పెట్టారాయన. ఎండీ గారిది వెన్నెల. ఆయన ఆ కార్డు వంక కాసేపు చూసుకున్నారు.

“వెన్నెల కంటే మాడిన చేప సొగసైనదా?”

“అది చేప తప్పండీ” అన్నారు ప్యో గారు, నుదురు తుడుచుకుంటూ. “కావాలంటే నేను ఓడిపోతాను.”

తర్వాత ప్యో గారు తీర్పరి. ‘వేగమైనది’ వచ్చింది. ఎండీ గారు ‘బుల్లెట్ రైలు’ పెట్టారు. దెబ్బ తిన్న ఎండీ గారు ఈసారి తప్పకుండా లోతైనది పెట్టి ఉంటారని ప్యో గారు లెక్క కట్టి ‘తాబేలు’ను గెలిపించారు. తాబేలు గిడ్డంగి పెద్దాయనది. ఆయన పని కూడా ఓడిపోవడమే. ఎండీ గారిని గెలిపించాలని ఒక్కొక్కరూ ఎంత కష్టపడితే ఆయన అంత గట్టిగా ఓడిపోయారు. ఆటంతా అయ్యాక ఆయన చేతిలో ఒక్క గెలుపు లేదు. ఎదురుగా మాత్రం తమ ఆయుష్షులో ఇంత గొప్ప ఆట చూడలేదని ప్రమాణాలు చేస్తున్న చీటీలు ఉన్నాయి.

మాంగ్ జుచొల్ గారు అమాయకుడే గానీ తెలివితక్కువవాడు కాదు. తలా తోకా లేని ఆటను ఇంతమంది ఇంతగా పొగుడుతున్నారంటే, చేసినవాడు తన కంటే పెద్దవాడై ఉండాలి. ఆ కంపెనీలో ఆయన కంటే పెద్దవారు ఒక్కరే, కంపెనీ పెట్టిన చైర్మన్, ఆయన కన్నతండ్రి. పదాలతో ఏదో ఆట చెయ్యాలని ముసలాయన అప్పుడప్పుడూ అంటుండేవాడు కూడా. ఎండీ గారు వెంటనే లేచారు. సురాన్‌ని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించారు.

“ఇది చైర్మన్ గారిదేనా?”

ఇక దాచి లాభం లేదనుకుంది సురాన్. “కాదండీ. అది నే...”

“వద్దు! చెప్పొద్దు. నువ్వు మాటిచ్చి ఉంటావు. నీ చేత మాట తప్పించడం పాపం.”

“మాటేం లేదండీ, నేనే...”

“నీ విశ్వాసం నాకు కనపడుతూనే ఉంది” అని ఆయన కళ్ళు తడి చేసుకుని, అక్కడికక్కడే తండ్రికి ఫోన్ చేశారు. “చైర్మన్ గారూ, ఓసారి ఆఫీసుకు రావాలి. ఒక అద్భుతమైన ఆట ఉంది. మీకు తెలుసనుకోండి.”

ముసలాయనకేమీ తెలియదు. కొండెక్కి దిగుతూ దారిలో బియ్యపు కల్లు రెండు గిన్నెలు పుచ్చుకుని, కొండలెక్కేటప్పుడు వేసుకునే ఎర్రటి కోటుతో, చేతికర్రతో తిన్నగా వచ్చేశారు. అందరూ లేచి నడుములు వంచారు. ఆయన కూర్చున్నాకే కూర్చున్నారు. కార్డులు పెట్టేటప్పుడు ఒక్కొక్కరూ రెండు చేతులతో, తల వంచి, పూజసామగ్రి అందించినట్టు పెట్టారు. ఆయన పెట్టిన కార్డు ఒక్కటే ఒంటిచేత్తో ఠపీమని పడింది గనక ఈసారి కనిపెట్టడం తేలికే కావాలి. కానీ కలిపేది యెజిన్, కంగారులో ఆమె ఎడాపెడా కలిపేసరికి ఏది ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు. మళ్ళీ అదే కథ. ‘రుచికరమైనది’కి ముసలాయన ‘అమ్మ చేతి పులుసు’ పెడితే ‘పన్నుల ఆఫీసు’ గెలిచింది. రెండు విడతలు చూశారు, మూడు చూశారు. చేతికర్ర నేలకేసి కొట్టారు.

“ఇదేం ఆటరా! పులుసు కంటే పన్నుల ఆఫీసు రుచిగా ఉంటుందా? దీన్ని చేసినవాడికి మతి ఉందా?”

హాల్లో ఉన్నవాళ్ళకు అర్థమైంది ఒకటే. ఎండీ గారి ఆటను చైర్మన్ గారు తిట్టారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ప్యో గారు కూర్చున్నచోటు నుంచే కాలితో కుర్చీ జరుపుకుంటూ చీటీల గుట్ట దగ్గరికి చేరుకున్నారు. తనదాన్ని వెతికి పట్టుకుని, ‘లోచూపు ఉంది’ అన్నదాన్ని ‘లోచూపు ఉందా?’ అని మార్చారు. అంతకంటే ధైర్యం ఆయన దగ్గర లేదు.

ఎండీ గారు మాత్రం చిరునవ్వు నవ్వారు. తండ్రి సంగతి ఆయనకు తెలియనిదా? ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు ‘పనికిమాలిన వస్తువు, ఏమీ అనుకోవద్దు’ అని ఇచ్చే తరం అది. తన పని తానే తిట్టుకుంటున్నాడు, ఎంత వినయం!

“లేదు చైర్మన్ గారూ. ఇది గొప్ప ఆట. నా కంటికి దీన్ని మించింది లేదు.”

“గొప్పదా?”

“చేసినవారి చేతులకు మొక్కాలి.”

ముసలాయన కొడుకు ముఖంలోకి చూశారు. కళ్ళలో నీళ్ళు, పెదవి మీద వణుకు. ఓడిన ఆటను ఇంతగా వెనకేసుకొస్తున్నాడంటే ఇంకేముంది, చేసింది వీడే! పదిమంది ఎదుట కన్నకొడుకును మతిలేనివాడన్నానే అని ఆయన ప్రాణం ఉసూరుమంది. “అంటే, మరీ అంత తీసిపారేయదగ్గదేం కాదులే” అని కర్ర పక్కన పెట్టేశారు.

సురాన్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. పొద్దుటి నవ్వులన్నీ నిజమైనవి. పక్కింటివాళ్ళ గొడవకు హాలంతా ఘొల్లుమనడం నిజం, గిడ్డంగి పెద్దాయన కుర్చీలోంచి జారడం నిజం. ఇప్పుడు ఆ ఆట ఈ గదిలో బతికినా చచ్చినా తన కోసం కాదు. ఎవరి గౌరవం కోసమో. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. లేచి నిలబడింది. అందరికీ వినపడేలా చెప్పింది.

“ఈ ఆట చేసింది నేనే. ఎండీ గారు కాదు, చైర్మన్ గారు కాదు. ఇంట్లో కూర్చుని, ఒక్కదాన్నే, నేనే చేశాను. తిట్లేమైనా ఉంటే నాకు చెందాలి.”

ప్యో గారు జేబురుమాలు తీసి ముక్కు చీదారు.

“చూశారా! ఈ కాలంలో ఇలాంటి మనుషులున్నారా?”

“అక్కా, నీకు కూతురుంది కదే” అంది యెజిన్, వెక్కుతూ. “నింద నెత్తినేసుకునే ముందు దాని ముఖమైనా తలుచుకోవా?”

“నింద కాదే, నిజం! కార్డులు నేనే కత్తిరించాను. కావాలంటే మా ఆయన్ని అడగండి!”

“మొగుడిని కూడా సాక్ష్యానికి సిద్ధం చేసిందండీ” అన్నారు ప్యో గారు, చైర్మన్ గారి వైపు తిరిగి.

తండ్రి పరువు కాపాడటానికి ఈ అమ్మాయి బలి అవుతోందని కొడుకు అనుకున్నాడు. కొడుకు పరువు కాపాడటానికి బలి అవుతోందని తండ్రి అనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆమెకు తల వంచారు. చైర్మన్ వంగితే మిగతావాళ్ళు నిలబడలేరు గనక హాలంతా వంగింది. సురాన్ ఎవరికి ఎదురు వంగాలో తెలియక అన్నివైపులా వంగింది.

ఆ సాయంత్రమే ప్యో గారికి రెండు పిలుపులొచ్చాయి. “ఆట ఎలాగున్నా అచ్చు వేయించు. వాడి ముచ్చట తీరాలి” అన్నారు చైర్మన్ గారు. “ఎలాగున్నా సరే, అచ్చు వెయ్యాల్సిందే. ఈ వయసులో ఆయన సరదా కాదనలేం” అన్నారు ఎండీ గారు. మరి పేరు సంగతి అని అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట. “ఆ అమ్మాయి పేరే వెయ్యండి. గుట్టు బయటపడకూడదు.” ఈ రెండు మాటలూ కలిపి చూసుకున్నాక ప్యో గారికి ఆట ఎవరు చేశారో బొత్తిగా అర్థం కాకుండా పోయింది. ఆ దెబ్బకు రెండు రోజులు సెలవు పెట్టారు.

శరత్కాలంలో ఆకులు ఎర్రబడే వేళకు పెట్టెలు దుకాణాలకు చేరాయి. వెనక కింది మూలన ‘ఆట రూపకల్పన: బాంగ్ సురాన్’ అని ఉంది, ఆమె ఇంట్లో రాసి చూసుకున్న అక్షరాల్లోనే. అచ్చుతప్పులు ఆమే సరిచూసింది, తప్పేం దొరకలేదు. సురాన్ ఆ వరస మీద వేలుపెట్టి చాలాసేపు చూసుకుంది. నిజంగానే సంతోషపడింది. ఆ పూట ఆఫీసులో ఒక్కొక్కరూ వచ్చి, చుట్టూ చూసి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఎవరి కోసమో ఆ పేరు మోస్తున్నందుకు ఓదార్చి వెళ్ళారు.

ఆట ఎలా ఉందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.